రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు పెంపుడు జంతువులకు అర్ధరాత్రి ప్రాణం మీదికొస్తే ఏం చేశారు? మీ అనుభవాలు రాయండి

నాగావళి_గట్టు (రాయగడ)

అందరికీ నమస్కారం. మా టైసన్ లాబ్రడార్, నాలుగేళ్లవాడు, 31 కిలోలు. గత నెల్లో ఒక రాత్రి తొమ్మిదిన్నర దాటాక పెరట్లో ఒక్క అరుపు అరిచి, తల విదిలించుకుంటూ వంటింటి గుమ్మం దాకా వచ్చి పడుకుండిపోయాడు. టార్చి వేసి చూస్తే మూతి పక్కన రెండు చుక్కలు, వాటిలోంచి నెత్తురు పల్చగా కారుతోంది. పావుగంటకల్లా ఆ వైపు బుగ్గంతా ఉబ్బి కన్ను మూసుకుపోయింది. నీళ్ల డ్రమ్ము వెనక పాము చుట్టుకుని కుక్కర్ విజిల్‌లా బుస కొడుతోంది. ఒంటి మీద గొలుసు మచ్చలు. రక్తపింజరి.

మా ఆయన వెంటనే కారు తీశారు, విశాఖ వెళ్లిపోదామని. ఇక్కడ కుక్కలున్న అందరికీ ముందు వచ్చే ఆలోచన అదే కదా. పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం దాటి విశాఖ చేరేసరికి నాలుగైదు గంటలు. మా పక్కింటాయన పశువుల ఆస్పత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన వచ్చి కారు తలుపు పట్టుకుని ఆపేశారు. "అమ్మా, మీరు దారిలో ఉన్నారని విషం ఆగదు. ముందు ఇక్కడ సూది గుచ్చించి మందు ఎక్కించు. తర్వాత ఎక్కడికైనా తీసుకెళ్లు" అన్నారు.

ఆయనే ప్రభుత్వ ఆస్పత్రి డాక్టరు గారికి ఫోన్ చేశారు. మా ఆయన ఫోన్ లాక్కుని "సాపొ కాముడిచి" (పాము కరిచింది) అని ఒడియాలో అరిచారు, ఆ కంగారులో. డాక్టరు గారు స్కూటర్ మీద ఇంటికే వచ్చారు. ముందుకాలి నుంచి రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, శుభ్రంగా కడిగి ఆరబెట్టిన గాజు గొట్టంలో పోసి కిటికీ గట్టు మీద నిలబెట్టారు. ఇరవై నిమిషాలు ఎవరూ ముట్టుకోవద్దన్నారు. నేను గోడ గడియారం ముందే నిలబడ్డాను. 10:52 కి ఆయన గొట్టం వంచితే రక్తం నీళ్లలా జారింది. ఈపాటికి గడ్డకట్టి ఉండాలి, అలా జారిందంటే విషం ఒంట్లోకి పోయిందని అర్థం అన్నారు.

మందు మనుషులకు వేసేదే. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటికీ పనిచేసే యాంటీవెనమ్. సీసాలో పొడిలా ఉంటుంది, నీళ్లతో కలిపి సెలైన్‌లో వేస్తారు. మెడికల్ షాపాయన్ని ఇంటికెళ్లి నిద్రలేపి నాలుగు సీసాలు తెచ్చాం. కుక్క చిన్నదని డోసు తగ్గించకూడదట, పాము ఎక్కించిన విషం ఎంతో అంతకి సరిపడా మందు పడాలట. మందు ఒంటికి సరిపడక రియాక్షన్ వస్తే ప్రమాదమని పక్కన అడ్రినలిన్ సిరంజిలో నింపి పెట్టుకున్నారు. తెల్లవారుజామున అయిదింటికి మళ్లీ రక్తం తీశారు. ఈసారి గొట్టం తలకిందులు చేసినా చుక్క కదల్లేదు. నేను అక్కడే నేల మీద కూలబడి ఏడ్చేశాను.

ఆ తర్వాతే విశాఖ బయల్దేరాం, సెలైన్ బాటిల్ కారు కిటికీ పైనున్న హుక్కుకి తగిలించుకుని. రక్తపింజరి విషం కిడ్నీల మీద పడుతుంది కాబట్టి అక్కడ పరీక్షలు చేయించాం. కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్ 2.9 వచ్చింది, అంటే ఎక్కువే. తొమ్మిది రోజుల తర్వాత 1.4. ఇప్పుడు అన్నం తింటున్నాడు.

ఆ రాత్రి కాంపౌండరు గారు తలుపు పట్టుకోకపోతే టైసన్ ఏ బొబ్బిలి దగ్గరో పోయేవాడు. అందుకే అడుగుతున్నాను. మీ ఊళ్లో మీకేం జరిగింది? ఎవరు ఆదుకున్నారు?

కిమిడి_మాస్టారు (పర్లాకిమిడి)

అమ్మా, చదువుతుంటే ఒళ్లు జలదరించింది. టైసన్ బతికినందుకు చాలా సంతోషం.

మా ఇంట్లో కథ ఇలా ముగియలేదు. రెండేళ్ల క్రితం మనవరాలి కోసం నలభై అయిదు రోజుల కుక్కపిల్లని కొన్నాం. అమ్మినాయన టీకా వేయించామన్నాడు, కార్డు మాత్రం ఇవ్వలేదు. ఆరో రోజున వాంతులు, మర్నాటికి నెత్తురు విరేచనాలు. అది పార్వో, కుక్కపిల్లలకి వచ్చే వైరస్ జబ్బు. ఆ విరేచనాల వాసన ఒకసారి తెలిస్తే జన్మలో మర్చిపోలేం. మూడు రోజులు సెలైన్ పెట్టించాం. నాలుగో రోజు తెల్లారేసరికి నా ఒళ్లోనే పోయింది.

మేం చేసిన పెద్ద తప్పు ఆ తర్వాతది. మనవరాలి ఏడుపు చూడలేక నెల తిరక్కుండానే ఇంకో కుక్కపిల్లని తెచ్చాం. ఇల్లంతా రెండుసార్లు ఫినాయిల్‌తో కడిగించాను, ఇంకేం భయం లేదనుకున్నాను. దానికీ అదే జబ్బు, అదే మూల, అదే గోనెపట్టా దగ్గర. ఫినాయిల్‌తో పార్వో చావదని అప్పుడు గానీ నాకెవరూ చెప్పలేదు. ఎవరూ అంత తొందరపడకండి.

పశువైద్యుడు_పార్వతీపురం

మాస్టారూ, మీ బాధ అర్థమవుతోంది. మీలాగే ఫినాయిల్‌ని నమ్మి రెండో పిల్లనీ పోగొట్టుకున్న ఇళ్లు నేను చాలా చూశాను.

ఆ వైరస్ గచ్చు పగుళ్లలో, పెరటి మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. దానికి బ్లీచింగే మందు. ఇళ్లలో వాడే ద్రావణమైతే ఒక వంతుకి ముప్ఫై వంతుల నీళ్లు కలిపి, ముందు మురికంతా కడిగేశాక పోసి పది నిమిషాలు ఉంచాలి. గోనెపట్టా, బొంతలాంటివి తగలబెట్టేయడమే మంచిది. మట్టి పెరడైతే కడగలేం కాబట్టి కొన్ని నెలలు ఆగాలి, లేదా టీకాలన్నీ పూర్తయిన పెద్ద కుక్కనే తెచ్చుకోవాలి.

టీకా ఒక్కసారి వేస్తే అయిపోయిందనుకోవద్దు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాలు నిండేదాకా వేయించాలి. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నంతకాలం టీకా సరిగ్గా పట్టదు. అది ఏ వారంలో తగ్గుతుందో ఒక్కో పిల్లకి ఒక్కోలా ఉంటుంది, అందుకే మళ్లీ మళ్లీ వేయడం. సీసా మీది స్టిక్కర్ అతికించిన కార్డు చూపించకపోతే టీకా వేయలేదనే లెక్క.

నాగావళి గారూ, మీ డాక్టరు గారు చేసిన గాజు గొట్టం పరీక్షకి కరెంటు అక్కర్లేదు, మెషిను అక్కర్లేదు. ఆయన రూపాయి ఖర్చు లేకుండా సరైన పని చేశారు. ఒక్క మాట, గొట్టం గాజుదే కావాలి, ప్లాస్టిక్‌ది పనికిరాదు. పాము కరిచిన చోట తాడు బిగించడం, కోయడం, పసరు రాయడం చేయకండి. కుక్కని నడిపించకుండా ఎత్తుకుని తీసుకెళ్లండి.

జయపురం_కాఫీ

అక్కా, మీ టైసన్ బాగున్నందుకు సంతోషమే. కానీ ఊళ్లోనే చూపించుకోండి అని అందరికీ చెప్పడం నాకు సరిగ్గా అనిపించడం లేదు.

మాది జర్మన్ షెపర్డ్, పేరు రాణి, ఏడేళ్లు. రాత్రి అన్నం తిన్న గంటకి కక్కడానికి పదే పదే ప్రయత్నిస్తోంది, నురగ తప్ప ఏమీ రావడం లేదు. కడుపు తబలాలా బిగుసుకుపోయింది. ఊళ్లో ఒకచోటికి తీసుకెళ్తే గ్యాస్ అన్నారు, సిరప్ పోశారు, పొద్దున్న రమ్మన్నారు. మేం నమ్మాం. మూడింటికి నిలబడలేకపోయింది. అప్పుడు విశాఖ బయల్దేరాం. కోరాపుట్ దాటాం, సుంకి ఘాట్ దిగుతుండగా నా చెయ్యి మీద తల వాల్చేసింది. సాలూరు కూడా రాలేదు. రాత్రి పదింటికే బయల్దేరి ఉంటే బతికేది. ఆ అయిదు గంటలు నేను ఎవరికి వదిలేశానా అని ఇప్పటికీ నిద్ర పట్టదు.

మన వైపు ప్రభుత్వ ఆస్పత్రులకి ఆవులు, మేకలు తెలిసినంతగా కుక్కలు తెలియవు. ఇది తిట్టడం కాదు. వాళ్లకి రోజూ వచ్చేవి అవే.

నాగావళి_గట్టు (రాయగడ)

తమ్ముడూ, రాణి గురించి చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. నా మాట అందరికీ, అన్ని జబ్బులకీ వర్తిస్తుందని రాసినట్టు ఉంటే అది నా పొరపాటే.

పశువైద్యుడు_పార్వతీపురం

జయపురం తమ్ముడు చెప్పింది కడుపు మెలిపడిన కేసు. పెద్ద జాతి, ఛాతీ లోతుగా ఉండే కుక్కల్లో వస్తుంది. కడుపు గాలితో ఉబ్బి తిరగబడుతుంది, రక్తం తిరగడం ఆగిపోతుంది. కక్కబోతుంది గానీ ఏమీ రాదు, కడుపు బిగుసుకుంటుంది, ఒకచోట నిలవలేదు. ఈ మూడూ కలిసి కనిపిస్తే సిరప్‌తో పోయేది కాదు, ఆపరేషన్ కావాలి. అదీ గంటల్లో. మీ కోపం న్యాయమైనది.

కానీ ఆ కేసులో కూడా రోడ్డెక్కేముందు ఊళ్లో చేయాల్సిన పని ఒకటుంది. లావు సూదితో బయటి నుంచే కడుపులో గాలి తీసి, రెండు కాళ్లకీ సెలైన్ పెట్టి పంపితే ఘాట్ దిగే టైము దొరుకుతుంది. ఆవుకి పొట్ట ఉబ్బితే గాలి తీయడం మన వైపు ప్రతి పశువుల డాక్టరుకీ చేతిలో పని. కాబట్టి ఊళ్లోనా, విశాఖలోనా అని తేల్చుకోవాల్సింది కాదు ఇది. ఊళ్లో ప్రాణం నిలబెట్టి, విశాఖకి ముందే ఫోన్ చేసి, ఆపరేషన్ టేబుల్ సిద్ధం చేయించి బయల్దేరాలి. మీ దగ్గర ఊళ్లో చేయాల్సింది చేయలేదు, బయల్దేరనివ్వనూ లేదు. రెండూ తప్పే.

జయపురం_కాఫీ

గాలి తీసి పంపొచ్చని నాకు ఈరోజే తెలిసింది డాక్టరు గారూ. రాసినందుకు థాంక్స్. ఇంకొకరి కుక్కకైనా పనికొస్తుంది.

బరంపురం_పట్టు

నేనూ ఒక విషయం చెప్పాలి. పిల్లులున్న వాళ్లు దయచేసి చదవండి. మా అత్తగారు ప్రేమ కొద్దీ చేసిన పని. పిల్లి ఒళ్లు వేడిగా ఉందని పారాసిటమాల్ మాత్ర సగం విరిచి పాలల్లో కలిపి పట్టించారు. సాయంత్రానికి మొహం ఉబ్బింది, పైపెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు గులాబీ రంగు పోయి చాక్లెట్ రంగులోకి వచ్చాయి. ఆ మందుని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి లివర్‌కి లేదట. ఆక్సిజన్ మోసే రక్తమే పాడైపోతుంది. పిల్లికి ఒక్క మాత్ర చాలు ప్రాణం పోవడానికి.

దీనికి విరుగుడు ఎసిటైల్‌సిస్టీన్. మనుషుల మెడికల్ షాపుల్లోనే దొరుకుతుంది. డాక్టరు గారు చీటీ రాసిస్తే నాలుగు షాపులు తిరిగాం, చివరికి పెద్దాస్పత్రి ఎదురుగా ఒక షాపులో దొరికింది. మూడు రోజులకి తేరుకుంది. మా అత్తగారు ఆ మూడు రోజులూ పూజ గదిలోంచి బయటికి రాలేదు, పాపం. ఆవిడని ఎవరూ ఒక్క మాట అనలేదు. ఇప్పుడు మా ఇంట్లో మందుల డబ్బా మూత మీద "పిల్లికి వద్దు" అని తెలుగులోనూ ఒడియాలోనూ రాసి అతికించాం.

కుక్కలకి కూడా మన నొప్పి మాత్రలు, అంటే డైక్లోఫినాక్, ఐబూప్రొఫెన్ వేయకండి. పేగులో పుండు పడుతుంది, కిడ్నీలు పోతాయి.

పెద్ద కేసైతే మేం భువనేశ్వర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల పశువైద్య కళాశాల ఆస్పత్రికి వెళ్తాం. క్యూ ఉంటుంది, ఓపిక పట్టాలి. కానీ అక్కడ సర్జరీకి, కడుపుతో ఉన్న వాటికి వేరువేరు డాక్టర్లు ఉంటారు. జబ్బు ఎప్పుడు మొదలైంది, ఏ మందు ఎప్పుడు వేశారు, ఒంటేలు ఎన్నిసార్లు పోసింది, ఇవన్నీ టైముతో సహా ఒక కాగితం మీద రాసుకెళ్లండి. ఆ టెన్షన్‌లో ఒడియాలో చెప్పబోయి సగం మర్చిపోతాం.

కిమిడి_మాస్టారు (పర్లాకిమిడి)

మా వైపు వాళ్లకి గరివిడి పశువైద్య కళాశాల దగ్గర. పాలకొండ, రాజాం, చీపురుపల్లి మీదుగా పోవచ్చు. పగటి పూట కేసులకి నేను అక్కడికే పంపుతున్నాను.

రైల్వే_క్వార్టర్స్ (రాయగడ)

కారు లేని వాళ్ల కోసం రాస్తున్నాను. కుక్కని రైల్లో స్లీపర్‌లో గానీ త్రీ ఏసీలో గానీ ఎక్కించనివ్వరు. ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మన పేరున ఉంటే మనతో తీసుకెళ్లొచ్చు. లేకపోతే గార్డు దగ్గర బ్రేక్‌వ్యాన్‌లో ఉండే డాగ్ బాక్స్. అది పార్సిల్ ఆఫీసులో బుక్ చేయాలి. కానీ సెలైన్ ఎక్కుతున్న కుక్కని ఆ పెట్టెలో ఒంటరిగా వేయకండి, చూసేవాళ్లు ఉండరు. అలాంటప్పుడు నలుగురం చందా వేసుకుని అయినా బండి మాట్లాడుకోవాలి. మా కాలనీలో మేం అలాగే చేశాం.

అది మా కాలనీలో ఒక కుక్కకి వచ్చిన గోమార్ల జ్వరం కేసు, అదే పిడుదుల వల్ల వచ్చేది. ముక్కులోంచి నెత్తురు, ప్లేట్‌లెట్లు పడిపోయాయి, రక్తం ఎక్కించాలన్నారు. కుక్కకి కుక్క రక్తమే కావాలి, దొరికే బ్యాంకు దగ్గర్లో లేదు. మా లైన్లో ఉన్న డ్రైవరు గారి రాట్‌వైలర్ 40 కిలోలు, టీకాలన్నీ ఉన్నాయి, గోమార్లు లేవు. ఆయన కుక్కని కూడా అదే బండిలో ఎక్కించుకుని విశాఖ వెళ్లాం. అక్కడ రెండింటి రక్తం కలిపి చూసి, సరిపడిందన్నాకే ఎక్కించారు. ఆ తర్వాత డాక్సీసైక్లిన్ 28 రోజులు. పదో రోజుకే ఆడుతోంది కదా అని మానేయబోయాం, వద్దన్నారు, పూర్తి చేశాం.

25 కిలోలు దాటిన ఆరోగ్యమైన కుక్క మీ వీధిలో ఎవరి దగ్గరుందో ముందే తెలుసుకుని పెట్టుకోండి.

గుణుపురం_కుర్రాడు (సాయంత్రం 5:10)

చర్చ మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. ఎవరైనా ఉన్నారా? మా మగపిల్లి మిన్ను పొద్దుట్నుంచి ఇసుక ట్రేలోకి వెళ్లి కూర్చుంటోంది, ముక్కుతోంది, ఏమీ రావడం లేదు. మలబద్ధకం అనుకుని మధ్యాహ్నం కొంచెం ఆముదం పట్టాను. ఇప్పుడు వాంతి చేసుకుంది, మంచం కింద దూరి మూలుగుతోంది.

పశువైద్యుడు_పార్వతీపురం (5:14)

ఉన్నాను తమ్ముడూ. ట్రేలో ఒంటేలు గడ్డలు ఏమైనా ఉన్నాయా? ఆఖరిసారి ఎప్పుడు పోసింది? పొట్ట కింది వైపు మెల్లగా తాకి చూడు, నిమ్మకాయంత గట్టిగా ఏదైనా తగులుతోందా? నొక్కకు.

గుణుపురం_కుర్రాడు (5:19)

ట్రే నిన్న రాత్రి మార్చాను. ఒక్క గడ్డ లేదు. గట్టిగా ఉంది సార్, నిమ్మకాయ కంటే పెద్దదే. ముట్టుకుంటే అరుస్తోంది.

పశువైద్యుడు_పార్వతీపురం (5:21)

మూత్రం దారి మూసుకుపోయింది. మగపిల్లుల్లో ఆ దారి చాలా సన్నం, ఇసుక లాంటి పలుకులు అడ్డుపడతాయి. రేపటికి ఆపకు. రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగుతుంది. ఇక ఆముదం వద్దు, నీళ్లు బలవంతంగా పోయకు, ఒంటేలు వచ్చే మాత్ర అసలే వద్దు. దారి మూసి ఉన్నప్పుడు దాంతో ఇంకా నిండుతుంది. మత్తిచ్చి సన్న గొట్టం వేసే డాక్టరు కావాలి.

కిమిడి_మాస్టారు (పర్లాకిమిడి) (5:26)

బాబూ, మా ఊరు వచ్చెయ్. ఇక్కడ నాకు తెలిసిన డాక్టరు గారు పిల్లులకి గొట్టం వేస్తారు. ఇప్పుడే ఫోన్ చేశాను, సామాను మరగబెట్టి ఉంచుతామన్నారు. రైలు కోసం చూడకు, బండి మాట్లాడుకో. నీ దగ్గర డబ్బు సంగతి తర్వాత చూద్దాం.

గుణుపురం_కుర్రాడు (5:31)

మా బావ ఆటో ఉంది మాస్టారూ. కూరగాయల బుట్టలో తువ్వాలు పరిచి పెట్టాను. బయల్దేరుతున్నాం.

నాగావళి_గట్టు (రాయగడ) (5:33)

బుట్ట మీద ఇంకో తువ్వాలు కప్పు నాన్నా, చీకటిగా ఉంటే కాస్త తగ్గుతుంది. ఎన్నింటికి ఏం జరిగిందో ఫోన్‌లో రాసుకో, ఆముదం సంగతి కూడా దాచకుండా చెప్పు.

జయపురం_కాఫీ (7:40)

ఏమైంది తమ్ముడూ? చేరారా?

కిమిడి_మాస్టారు (పర్లాకిమిడి) (8:05)

చేరారు. లోపలికి తీసుకెళ్లారు. మత్తు ఇచ్చే ముందు సెలైన్ పెట్టారు, గుండె నెమ్మదిగా కొట్టుకుంటోందని ఏదో ఇంజెక్షన్ చేశారు. కుర్రాడు మెట్ల మీద కూర్చున్నాడు. టీ ఇప్పించాను, తాగలేదు.

పశువైద్యుడు_పార్వతీపురం (8:09)

కాల్షియం అయ్యుంటుంది, గుండెని కాపాడటానికి. సరైన దారిలోనే ఉన్నారు.

గుణుపురం_కుర్రాడు (9:26)

గొట్టం వెళ్లింది. మొదట రాలేదు, సెలైన్ నీళ్లతో కడుగుతూ మూడోసారి తోస్తే దిగింది. ముందు తెల్లటి పలుకులు, తర్వాత నెత్తురు కలిసిన ఒంటేలు. కొలిచి చెప్పారు, 140 మిల్లీలీటర్లు. గొట్టం రెండు మూడు రోజులు ఉంచాలట. రేపటికి ఒంటేలు బాగా ఎక్కువ పోతుందట, దానికి తగ్గట్టు సెలైన్ పెడతామన్నారు. రాత్రికి మాస్టారు గారింట్లోనే ఉంటున్నాం.

మిన్ను ఇప్పుడే కళ్లు తెరిచింది. నా వేలు నాకింది.